రెండు లెక్కలు

పని మధ్యలో ఆగిపోయిన ఇంట్లో డబ్బు తగాదా వస్తే, సాధారణంగా ఇద్దరూ నిజమే చెబుతుంటారు. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, ఉద్యోగం చేసి రిటైరైన నన్ను, తెలిసినవాళ్లు ఇలాంటి తగాదాలకు మధ్యవర్తిగా పిలుస్తుంటారు. టేపు పట్టడం తెలిసినవాడు, రెండు పక్షాలకూ చుట్టం కానివాడు అని కాబోలు. వెళ్లిన ప్రతిచోటా ఇంటి యజమానీ మేస్త్రీ ఒకే మాట అంటారు: "నన్ను మోసం చేశారు." ఇద్దరి గొంతులోనూ ఒకే బాధ ఉంటుంది. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకుంటే తీర్పు సులువే. తీరా లెక్క విప్పి చూస్తే అబద్ధం పాలు చాలా తక్కువ. ఎవరూ కొలవని పనే ఎక్కువ.

మన వైపు సొంత ఇల్లు కట్టుకునేవాళ్లు చాలామంది లేబర్ కాంట్రాక్టుకే ఇస్తారు. సిమెంటు, ఇసుక, ఇనుము, ఇటుక యజమానివి. చదరపు అడుగుకు ఇంతని కూలి మేస్త్రీది. పునాదికి ఇంత, శ్లాబుకు ఇంత, గోడలు లేచాక ఇంత, పూత అయ్యాక ఇంత అని వాయిదాలు. కాగితమంటూ ఉంటే అది యజమాని డైరీలో ఒక పేజీ. మిగిలినదంతా నోటిమాట. ఈ వాయిదాల పద్ధతి వెనక గొప్ప తెలివి ఉందని నేను అనుకుంటాను. ఒకరినొకరు ఎరగని ఇద్దరు మనుషులు మూడు లక్షల రూపాయల మేరకు ఒక్కసారిగా నమ్ముకోలేరు. ఈ శ్లాబు వరకు, ఈ గోడ వరకు అయితే నమ్ముకోగలరు. పనికీ డబ్బుకూ మధ్య దూరం ఎంత తక్కువైతే నమ్మకం మీద బరువు అంత తక్కువ. ఆ దూరం పెరిగిన చోటే తగాదా పుడుతుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను. కాకినాడలో ఒక టీచరమ్మ గారు. భర్త పోయాక వచ్చిన డబ్బుకు కొంత అప్పు కలిపి, పాత ఇంటి మీద పై అంతస్తు వేయించారు. 900 చదరపు అడుగులు, అడుగుకు 350 రూపాయల కూలి, మొత్తం 3,15,000. శ్లాబు పడింది, గోడలు లేచాయి, లోపల పూత అయింది. బయట తూర్పు, దక్షిణం గోడలు పూత పూశాక మేస్త్రీ రావడం మానేశాడు. విశాఖ వైపు ఒక అపార్ట్‌మెంటు పనికి వెళ్లిపోయాడు. ఉత్తరం, పడమర గోడలు ఇటుకలతోనే నిలబడ్డాయి. మెట్లకు గచ్చు కాలేదు. స్నానాల గదిలో టైల్స్ పడలేదు. ముహూర్తం పెట్టుకున్న రోజున ఆవిడ పాలు పొంగించారు గానీ, వచ్చిన చుట్టాలు ఇసుక తొక్కుకుంటూ పైకి ఎక్కారు.

అప్పటికి ఆవిడ ఇచ్చింది 2,60,000. కొన్నాళ్లకు మేస్త్రీ వచ్చి మిగిలిన డబ్బు అడిగాడు. వీధిలో పెద్ద గొడవ అయింది. తర్వాత నాకు కబురు వచ్చింది.

"చూడండి అన్నయ్య గారూ, మిగిలిన పనికి కొత్త మేస్త్రీ అరవై వేలు అడుగుతున్నాడు. నా దగ్గర ఆగిన డబ్బు యాభై ఐదు. ఆ లెక్కన ఇతనే నాకు ఐదు వేలు ఇవ్వాలి" అన్నారు టీచరమ్మ గారు.

"ఏఈ గారండీ, మిగిలింది పదిహేను వేల పనండి. అది తీసేసుకోమనండి. పిట్టగోడ ఎత్తు పెంచమన్నారు, వంటగట్టు పగలగొట్టి మళ్లీ కట్టమన్నారు, అటకలు వేయించారు. వాటికి ముప్పై ఐదు వేలు అవుద్దండి. నాకు డెబ్బై ఐదు వేలు రావాలండి" అన్నాడు మేస్త్రీ.

ఒకరు ఐదు వేలు రావాలంటున్నారు, ఒకరు డెబ్బై ఐదు వేలు రావాలంటున్నారు. మధ్యన ఎనభై వేల రూపాయల దూరం. ఒకే ఇల్లు, అవే గోడలు. ఇందులో పని విలువ ఎంత, మనసు నొచ్చుకున్నందుకు వేసుకున్న ధర ఎంత? అక్కడ కూర్చున్నంతసేపూ నన్ను తొలిచింది ఈ ప్రశ్నే. ఇలాంటి ప్రతి తగాదాలోనూ అడగవలసిన ప్రశ్న కూడా ఇదేనని నా నమ్మకం.

కొలత పూర్తయ్యేదాకా రూపాయి మాట ఎత్తవద్దని ఇద్దరినీ అడిగాను. టేపు ఒక చివర మేస్త్రీ పట్టుకున్నాడు, రెండో చివర టీచరమ్మ గారి అబ్బాయి పట్టుకున్నాడు. అంకెలు రాసింది ఆవిడే. రాసిన ప్రతి అంకెనూ పైకి చదివించాను. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ప్రభుత్వ పనుల్లో మెజర్‌మెంట్ బుక్ ఉంటుంది, అందరూ ఎం.బుక్ అంటారు. దాని పేజీలకు ముందే నంబర్లు వేసి ఉంటాయి. పని జరిగిన చోటే, కాంట్రాక్టరు ఎదుటే కొలిచి అప్పటికప్పుడు రాయాలి. అంకె తప్పు పడితే చెరిపేయకూడదు. గీత కొట్టి, సరైన అంకె వేసి, పక్కన పొట్టి సంతకం చేయాలి. ఏఈ రాసిన కొలతల్ని పై అధికారి మళ్లీ సరిచూస్తాడు. ఒప్పుకున్నట్టు కాంట్రాక్టరు సంతకం పెడతాడు. ఆ పేజీలో ఎన్ని, పొడవు, వెడల్పు, ఎత్తు లేక లోతు, మొత్తం అనే గడులు ఉంటాయి. ఎవరి స్వభావం గురించీ రాయడానికి అందులో చోటు లేదు. అలా చోటు లేకపోవడంలోని మంచితనం నాకు ఉద్యోగంలో ఉన్నప్పటికంటే ఇప్పుడు బాగా అర్థమవుతోంది. కొలవడమంటే ఇద్దరు మనుషులు ఒకే గోడను ఒకేసారి చూడడం. అంతకుముందు వాళ్లు గోడను చూడలేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు.

కొలతలోనూ తగాదా ఉంటుంది. గోడను మూల నుంచి మూలకు కొలిచి, కిటికీ ఖాళీ తీయకూడదంటాడు మేస్త్రీ. ఉన్న ఖాళీలన్నీ తీసేయాలంటాడు యజమాని. ఇది ఎంత పాత తగాదా అంటే, మన దేశపు ప్రమాణాల్లోనే దీనికి జవాబు రాసి పెట్టారు. కట్టడాల కొలతలకు ఐఎస్ 1200 అనే ప్రమాణం ఉంది, అందులో పన్నెండో భాగం పూత పనికి. దాని ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీకి తగ్గింపు లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి, రెండు వైపులా ఒకే పూత ఉన్నప్పుడు, ఒక వైపే తగ్గించాలి. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తగ్గించి, అంచులకు చేసిన పూతను విడిగా కొలిచి కలపాలి. నాలుగడుగుల కిటికీ 16 చదరపు అడుగులు, అంటే సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గుమ్మం 21 చదరపు అడుగులు, రెండు చదరపు మీటర్లకు కాస్త తక్కువ. మామూలు ఇళ్లలో గుమ్మాలూ కిటికీలూ దాదాపు అన్నీ ఈ నడిమి కొలతలోకే వస్తాయి.

మధ్య రకానికి ఒక వైపే ఎందుకు తగ్గించమన్నారు? కిటికీ ఉన్న చోట గోడ లేదు, నిజమే. కానీ ఆ ఖాళీకి నాలుగు అంచులున్నాయి. గోడ మందమంతా లోపలికి తిరిగి పూత పూయాలి. మూలమట్టం పెట్టి అంచు నిలపాలి. చదునైన గోడ మీద బద్ద లాగడం కంటే ఆ అంచు తీర్చడానికే ఎక్కువ పనితనం కావాలి. చూసేవాళ్లకు ఖాళీగా కనబడే చోట కూడా మనిషి చెయ్యి పనిచేసిందని ఆ నియమం గుర్తిస్తుంది. అదే సమయంలో, లేని గోడకు కూలి అడగవద్దనీ చెబుతుంది. ఇంజనీరింగ్ పుస్తకాల్లో నేను చదివిన న్యాయవాక్యాల్లో ఇది నాకు చాలా ఇష్టమైనది.

ఆ ఇంట్లో కిటికీ అంచులన్నీ లోపలి పూతతోపాటే అయిపోయాయి. కనుక మిగిలిన రెండు గోడల బయటివైపు కిటికీల ఖాళీ పూర్తిగా తీసేశాం. 30 అడుగుల గోడ, పిట్టగోడతో కలిపి 13 అడుగుల ఎత్తు, రెండు గోడలకు 780. నాలుగు కిటికీలకు 64 పోతే 716 చదరపు అడుగులు. "ఈ రోజుల్లో పరంజాతో సహా బయట పూతకు కూలి ఎంత?" అని బాకీ ఊసు లేకుండా అడిగితే ఇద్దరూ ముప్పై దగ్గర ఒప్పుకున్నారు. 21,480 అయింది. మెట్లకు, స్నానాల గదికి కలిపితే మొత్తం మిగిలిన పని 36,000 దగ్గర తేలింది. మేస్త్రీ చెప్పిన పదిహేనూ కాదు, టీచరమ్మ గారు చెప్పిన అరవై కూడా కాదు.

అదనపు పనుల లెక్క త్వరగానే తేలింది. అటకలు ప్లానులోనే ఉన్నాయి, కాబట్టి అవి అదనం కావు. పిట్టగోడ మాత్రం మనవలు మేడ మీద ఆడుకుంటారని ఆవిడ ఎత్తు పెంచమన్నారు. పొయ్యి తూర్పు ముఖంగా ఉండాలని సిద్ధాంతి గారు చెప్పాక వంటగట్టు పగలగొట్టించి మళ్లీ కట్టించారు. ఈ రెండింటికీ రేటు ముందు మాట్లాడుకోలేదు. "మాట్లాడుకోని దానికి నేనెందుకివ్వాలి?" అన్నారావిడ. మాట్లాడుకోకపోయినా అడిగి చేయించుకున్నారు కదా, ఆ గట్టు మీదే వండుకుంటున్నారు కదా అన్నాను. చట్టం చెప్పేదీ అదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ ప్రకారం, ఊరికే ఇచ్చే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, దానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. అప్పటి బెంగాల్ ప్రభుత్వం కోసం బి.కె. మండల్ అనే సంస్థ గిడ్డంగులు, మరికొన్ని కట్టడాలు కట్టింది. పద్ధతి ప్రకారం రాసుకున్న ఒప్పందం లేదని ప్రభుత్వం డబ్బు ఇవ్వనంది. సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే ఇవ్వమంది. అది 1962 నాటి లా రిపోర్టుల్లో ఉంది. ప్రభుత్వానికి వర్తించిన ధర్మం వంటగట్టుకూ వర్తిస్తుంది. రెండు పనులకూ కలిపి 19,000 అని రాశాం.

ఇక్కడికి చేసిన పని లెక్క అయిపోయింది. ఆగిన 55,000కు 19,000 కలిపి, 36,000 తీసేస్తే 38,000. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది.

"మరి నన్ను నడిమధ్య వదిలేసి పోయినందుకు?" అన్నారు టీచరమ్మ గారు. ఆ గొంతులో ఉన్నది ముప్పై ఎనిమిది వేల గురించిన ప్రశ్న కాదు.

పూర్తికాని పనికి విలువ కట్టడం ఎప్పుడూ ఇక్కడే చిక్కుపడుతుంది. యజమానికి ఇల్లు అంటే మొత్తం. ఒక గోడ మిగిలిపోతే ఇల్లే మిగిలిపోయినట్టు. మేస్త్రీకి ఇల్లు అంటే రోజులు. ఎన్ని రోజులు ఎంతమంది పని చేశారో అంత ఇల్లు కట్టినట్టు. ఇంగ్లండులో 1795లో తేలిన ఒక కేసు ఈ యజమాని చూపును చివరికంటా తీసుకెళ్లింది. కట్టర్ అనే నావికుడు జమైకా నుంచి లివర్‌పూల్ వరకు ఓడ మీద పనిచేస్తే ముప్పై గినీలు ఇస్తామన్నారు. ఓడ చేరకముందే సముద్రంలో అతను చనిపోయాడు. పనిచేసినన్నాళ్లకైనా కూలి ఇప్పించమని భార్య అడిగింది. మొత్తం ప్రయాణానికి ఒప్పుకున్నాడు, మొత్తం చేయలేదు, కాబట్టి ఏమీ రాదంది కోర్టు. ఆ తీర్పు కాంట్రాక్టు మాటకు కట్టుబడిందేమో గానీ, అన్ని వారాలు ఓడ మీద అతను పడిన శ్రమ ఎక్కడికి పోయిందో చెప్పలేదు. నాకు ఆ తీర్పు ఏ రోజూ న్యాయంగా అనిపించలేదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఈ విషయంలో ఎంతో సూక్ష్మంగా ఆలోచించింది. మూడో అధికరణమైన ధర్మస్థీయంలో పనివాళ్ల గురించి వివరంగా ఉంది. పనివాడు సిద్ధంగా వచ్చి నిలబడినా యజమాని పని చేయించుకోకపోతే, ఆ పని చేసినట్టే లెక్క అని కౌటిల్యుడి ఆచార్యులు అన్నారట. కౌటిల్యుడు ఒప్పుకోలేదు. కూలి చేసిన పనికే గానీ చేయని పనికి కాదన్నాడు. అయితే కొంత పని చేయించుకుని, మిగిలినది చేస్తానన్నవాడిని చేయనివ్వకపోతే మాత్రం పని పూర్తయినట్టే ఎంచాలన్నాడు. కూలి పుచ్చుకుని పని చేయనివాడికి పన్నెండు పణాల దండన పెట్టాడు. రోగం వచ్చినవాడికి, ఆపదలో ఉన్నవాడికి సడలింపు ఇవ్వాలని, లేదా వేరొకరిచేత చేయించుకునే వీలు ఉండాలని చెప్పాడు. చూడండి, ఇక్కడ రెండు ప్రశ్నలు విడివిడిగా ఉన్నాయి. ఎంత పని అయింది అన్నది ఒకటి, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అన్నది మరొకటి. మొదటిదానికి జవాబు కూలి. రెండోదానికి జవాబు దండన, లేదా మన్నింపు.

మనం చేసే పొరపాటు ఈ రెండింటినీ ఒకే బిల్లులో కలిపేయడం. ముహూర్తం నాటి అవమానాన్ని టీచరమ్మ గారు గోడ లెక్కలో కలిపారు, అందుకే మిగిలిన పని అరవై వేలయింది. వీధిలో పడిన మాటను మేస్త్రీ అటకల లెక్కలో కలిపాడు, అందుకే అదనం ముప్పై ఐదు వేలయింది. ఇద్దరూ అబద్ధాలు చెప్పలేదు. తగిలిన దెబ్బకు రూపాయల్లో ధర వేసుకున్నారు. అలా కలిపిన లెక్క ఎప్పటికీ తేలదు. ఎందుకంటే గోడకు కొలత ఉంది, బాధకు కొలత లేదు. కొలత ఉన్నదాన్ని కొలత లేనిదానితో కలిపిన క్షణం నుంచి మొత్తం లెక్కకే కొలత పోతుంది.

కాబట్టి ఎవరు ఆపారన్న లెక్కను విడిగా తీశాం. అడుగుతూ పోతే తెలిసిందేమిటంటే, పూత వాయిదా డబ్బు టీచరమ్మ గారికి అప్పు మంజూరు ఆలస్యమై కొన్ని వారాలు వెనకబడింది. మేస్త్రీకి శనివారం శనివారం కూలీల బట్వాడా ఆగదు. తాపీ పనివాళ్లు, మాలు కలిపేవాళ్లు, తట్టలు మోసే ఆడవాళ్లు వారం చివర డబ్బు లేకుండా ఇంటికి వెళ్లలేరు. అపార్ట్‌మెంటువాళ్లు అడ్వాన్సు ఇస్తామంటే అతను అటు వెళ్లాడు. వెళ్లాల్సి వచ్చిందన్నది నిజం. చెప్పకుండా వెళ్లాడన్నదీ నిజం. చెప్పి ఉంటే ఆవిడ ముహూర్తం మార్చుకునేవారు, లేదా అప్పుడే వేరే మనిషిని పెట్టుకునేవారు.

చెప్పకుండా వెళ్లినందువల్ల కొలవగలిగిన నష్టం ఏదైనా ఉందా అని వెతికితే ఒకటి దొరికింది. సరుగుడు కర్రల పరంజా విప్పేశారు. మిగిలిన రెండు గోడల కోసం మళ్లీ తెచ్చి కట్టాలి. చదరపు అడుగు రేటులో చేరే మామూలు పరంజా ఖర్చు కాకుండా, మళ్లీ తోలించి కట్టించడానికి అయ్యే అదనం ఎనిమిది వేలని కొత్త మేస్త్రీనే అడిగి తెలుసుకున్నాం. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఇలాంటి నష్టాన్నే ఇప్పిస్తుంది. ఒప్పందం తప్పినందువల్ల సహజంగా కలిగిన నష్టం ఇప్పిస్తుంది, దూరపు నష్టాలు ఇప్పించదు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఇంటి మరమ్మతు ఉదాహరణ కూడా ఉంది. ఒప్పుకున్న విధంగా మరమ్మతు చేయకపోతే, దాన్ని ఒప్పందం ప్రకారం సరిచేయించడానికి అయ్యే ఖర్చును యజమాని రాబట్టుకోవచ్చు. ముప్పై ఎనిమిదిలో ఎనిమిది పోతే ముప్పై వేలు. మేస్త్రీకి రావలసింది అదని తేలింది.

మిగిలిన రెండు గాయాలకు బిల్లులో చోటు లేదని ఇద్దరికీ చెప్పాను. వాటికి డబ్బు అడగకూడదు, డబ్బు ఆపకూడదు. మాటతో తగిలిన దానికి మాటే జవాబు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "టయానికి రాలేకపోయానండి టీచరమ్మగారూ, కబురైనా పెట్టాల్సిందండి" అన్నాడు మేస్త్రీ ముందుగా. "నీ కూలీల ముందు నిన్ను దొంగ అనకుండా ఉండాల్సింది మేస్త్రీ, కోపంలో అన్నాను" అన్నారావిడ. వాళ్లిద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టిందని నేననను. మళ్లీ ఆ ఇంటి పరంజా ఎక్కడానికి అతను ఇష్టపడలేదు, ఎక్కించుకోవడానికి ఆవిడా ఇష్టపడలేదు. అది కూడా న్యాయమే. లెక్క తీరడానికి స్నేహం తిరిగి రావలసిన పని లేదు.

ఆ ముప్పై వేలు చేతులు మారేముందు నేను పట్టుబట్టిన విషయం ఒకటుంది. "ఇందులో కూలీలకు నువ్వివ్వాల్సింది ఎంత మేస్త్రీ?" అని అడిగాను. రెండు వారాల బట్వాడా, పద్దెనిమిది వేలు. తగాదా నడిచినన్నాళ్లూ ఆ పద్దెనిమిది వేలు టీచరమ్మ గారి బీరువాలో ఉన్నట్టే లెక్క. ఆ సంగతి ఆవిడకు తెలియదు. ఆవిడ మేస్త్రీ మీద కోపంతో ఆపిన డబ్బు మేస్త్రీ దగ్గర ఆగలేదు. ఇసుక జల్లెడ పట్టిన మనిషి దాకా, మాలు తట్ట నెత్తిన మోసిన ఆవిడ దాకా పోయి ఆగింది. వాళ్లకు ఒప్పందం తెలియదు, చదరపు అడుగు రేటు తెలియదు, ముహూర్తం తెలియదు. తగాదాలో వాళ్లు ఏ పక్షమూ కారు. నష్టం మాత్రం ముందుగా వాళ్లకే వచ్చింది. ఆ విషయం చెప్పాక టీచరమ్మ గారు, కూలీలను పిలిపించి తన ఎదుటే ఇవ్వమన్నారు. మేస్త్రీ అలాగే ఇచ్చాడు.

ఆపిన డబ్బు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. బట్ట నచ్చకపోతే కొట్టుకు తిరిగి ఇచ్చేయవచ్చు. గోడను ఎవరూ ఊడదీసి తిరిగి పట్టుకుపోలేరు. కట్టిన మరుక్షణం అది యజమాని స్థలంలో యజమానిదే అయిపోతుంది. మేస్త్రీ తన వాటా ముందే ఇచ్చేసి నిలబడ్డాడు. యజమాని చేతిలో ఇంకా డబ్బు ఉంది. ఆ డబ్బు చేతిలో ఉండడం ఒక అధికారం. మిగిలిన పనికి సరిపడా ఆపుకోవడం న్యాయం. మనిషిని లొంగదీయడానికి ఆపుకోవడం అన్యాయం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కొలిస్తే గానీ తెలియదు. అందుకే కొలవడానికి రానివాళ్లను నేను అనుమానిస్తాను, వాళ్లు ఏ పక్షం వాళ్లయినా సరే. అడ్వాన్సు పుచ్చుకుని కొలతకు ముఖం చాటేసే మేస్త్రీలను చాలామందినే చూశాను. వాళ్ల విషయంలో నాకు జాలి లేదు.

ప్రభుత్వాలు కూడా ఈ ధర్మానికి బయట లేవు. ఆంధ్రప్రదేశ్‌లో నీరు–చెట్టు పనుల బిల్లులు, ఉపాధి హామీ మెటీరియల్ బిల్లులు ఆగిపోయి హైకోర్టు దాకా వెళ్లాయి. తెలంగాణలో పదవీకాలం ముగిసిన సర్పంచులు గ్రామాల్లో చేసిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కారు. పనిలో లోపం ఉంటే ఆ లోపం కొలిచి తగ్గించాలి. ఎం.బుక్‌లో ఎక్కిన పనికి డబ్బు ఆపడం మాత్రం చిన్న కాంట్రాక్టరును అప్పులపాలు చేయడమే. అతని వెనకా శనివారం బట్వాడా కోసం చూసే మనుషులున్నారు.

మాటలతో తేలకపోతే దారులున్నాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవగానే చూస్తుంది. వివాదం పుట్టిన రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. చేసిన పనికి డబ్బు రాని మేస్త్రీకి సివిల్ కోర్టులో మూడేళ్ల గడువు ఉంది. కోర్టుకు వెళ్లకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే, ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇవన్నీ మంచివే. అయితే అక్కడ కూడా అడిగే మొదటి ప్రశ్న ఎంత పని అయింది అనే. దానికి జవాబు గోడ దగ్గర, ఇద్దరూ ఉండగా రాసుకున్న కాగితంలో ఉంటే అక్కడి పని సగం అయిపోయినట్టే.

టీచరమ్మ గారింట్లో ఆ రోజు రాసిన కాగితం ఒక్క పేజీ. అయిన పని, మిగిలిన పని, అదనం, పరంజా ఖర్చు, చివరకు 30,000. ఇకపై ఒకరికొకరు ఇవ్వవలసింది లేదని కింద ఒక వాక్యం. రూపాయి రెవెన్యూ స్టాంపు మీద మేస్త్రీ సంతకం. సాక్షిగా నేను, ఆవిడ అబ్బాయి. తర్వాత నెలలో కొత్త మేస్త్రీ ఉత్తరం, పడమర గోడలు పూత పూశాడు.

మీ ఇంట్లోనూ ఇలా ఆగిపోయిన లెక్క ఒకటి ఉంటే, ఇంకో నెల గడవనివ్వకండి. ఈ ఆదివారం మేస్త్రీకి ఫోను చేసి రమ్మనండి. టేపు ఒక చివర ఆయన చేతికివ్వండి. కొలత అయ్యేదాకా డబ్బు మాట, పాత మాట తీయకండి. తేలిన లెక్కలో కూలీల వాటా ఎంతో అడిగి, అది ముందుగా వాళ్ల చేతికి అందేలా చూడండి.